ఎర్రదారం కట్టిన కాయ

సెప్టెంబరు రెండో ఆదివారం పొద్దున్నే పాల బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి నా వంగమొక్కలు తొమ్మిదీ నల్లబడి వేలాడుతున్నాయి. ఆకు పట్టుకుంటే ఉడికించినట్టు మెత్తగా వేళ్ళకు అంటుకుంది. వాటి మీద నేను బద్దలు వంచి కట్టిన ప్లాస్టిక్ పట్టా లేదు. అది గడ్డివామి మీద ఉంది. నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, చాలా జాగ్రత్తగా కప్పారు.

"వాన వచ్చేలా ఉందని తీశాను," అన్నాడు నా భర్త తహ్సిన్, టీ గ్లాసులోంచి తలెత్తకుండా. "గడ్డి తడిస్తే ఆవులేం తింటాయి? నీ వంకాయలా?"

వాన రాలేదు. మంచు పడింది. నాతో ఒక్క మాట చెప్పి తీయకూడదా అని అడగాలనుకున్నాను. ఆవులు అరుస్తున్నాయి. వెళ్ళి పాలు పితికాను.

ఈ ఊరి బడిలో టీచర్ని. టర్కీ ఈశాన్య మూలనున్న ఈ కార్స్ పీఠభూమి మీద వంకాయ పండదని, ఇక్కడికి వచ్చిన పద్నాలుగేళ్ళుగా వింటున్నాను. "ఇక్కడ వంకాయ కాస్తే నాకు మీసం మొలిచినట్టేనే అమ్మాయ్," అనేది మా అత్తగారు గులిజార్. "ఎండదేశపు మొక్క. ఈ చలికి బతకదు." నేనూ దక్షిణాన ఆంతెప్ ఎండలోంచి వచ్చినదాన్నే. ఆ సంగతి ఆవిడకు ఎప్పుడూ తట్టినట్టు లేదు.

ఫిబ్రవరిలో అమ్మకు బాగాలేదని అన్నయ్య ఫోన్ చేశాడు. "పెద్దావు ఈనబోతోంది. ఒక్క వారం ఆగు," అన్నాడు తహ్సిన్. "అమ్మ ఎక్కడికీ పోదు కదా." ఆగాను. ఆవు ఐదో రోజున ఈనింది. అమ్మ నాలుగో రోజునే పోయింది. ఆ వారం గురించి ఇంతకు మించి రాయలేను.

అమ్మ వంటింటి అలమరలో, గుడ్డముక్కలో మూటకట్టి, తొమ్మిది వంగగింజలు దొరికాయి. కాయల్ని దండలు గుచ్చి ఎండబెట్టే రకం. తెచ్చుకుని తొమ్మిదీ నాటేశాను. రెండైనా దాచుకోవాలన్న తెలివి ఆ రోజుల్లో నాకు లేదు.

పిడకల పొయ్యి వెనక, పెరుగు డబ్బాల్లో మొలిచాయి. వేడి తగ్గకుండా తెల్లవారుజామునే లేచి ఇంకో పిడక వేసేదాన్ని. "నా నడుం నొప్పికి ఎప్పుడైనా ఇలా లేచావా?" అంది అత్తగారు. లేచాను. ఆవిడకు గుర్తు లేదు. జూన్‌లో పెరట్లో నాటి, పట్టా కప్పాను. చలిచోట చెట్టుకు నాలుగైదు కాయలే ఉంచాలి, తక్కిన పూలు తుంచెయ్యాలి. లేకపోతే ఒక్కటీ ఎదగదు. విచ్చిన పూలు తుంచడం కష్టమవుతుందనుకున్నాను. చేతులు ఎప్పటినుంచో చేస్తున్న పనిలాగే చేసుకుపోయాయి.

ఆగస్టులో తొలికాయలు కాల్చి, పెరుగులో కలిపి పెట్టాను. అత్తగారు రొట్టెతో గిన్నె తుడిచి మరీ తిని, "ఉప్పు తక్కువ," అంది. నేను ఆవిడ పైపెదవి వంక చూశాను. ఆవిడ నవ్వాపుకోలేక, "పోవే, పొయ్యి సంగతి చూడు," అంది.

ఒక్క కాయ తొడిమకు మాత్రం, అమ్మ కట్టినట్టే, ఎర్ర ఉన్నిదారం కట్టాను. అది విత్తనానికి. పసుపు తిరిగేదాకా చెట్టునే ఉండాలి. ఇంకో మూడు వారాలుంటే చాలు.

ఆ ఆదివారం పాలు పితికాక దాన్ని తొడిమతో సహా కోశాను. అడుగున కాస్త పసుపు. వెచ్చగా ఉంచితే లోపలి గింజ ఇంకొంత ముదరవచ్చు. వంటింటి గూట్లో పెట్టాను. బుధవారం బడి నుంచి వచ్చేసరికి గూడు ఖాళీ. కాయ ఆవుల కుడితి బకెట్లో తేలుతోంది, దారంతో సహా.

"కుళ్ళిందనుకున్నానే," అంది అత్తగారు.

"దారం కట్టాను కదా అత్తయ్యా."

"దారాలు నాతో మాట్లాడతాయా?"

తహ్సిన్ నవ్వాడు. "బజార్లో వంకాయలకు కరువా? రేపు కిలో తెస్తాలే. ముఖం అలా పెట్టకు."

కాయను కడిగి, తుడిచి, కోటు జేబులో వేసుకున్నాను. బడి వెనక టీచరుకని ఇచ్చిన గది ఒకటుంది. పద్నాలుగేళ్ళుగా నా పేరనే ఉంది. "కాపురం ఉన్నదానికి గదెందుకు?" అని పెళ్ళయిన కొత్తలో తహ్సిన్ అన్నాక దాని తాళం తియ్యలేదు. మర్నాడు తీశాను. పొయ్యి రాజేసి, దగ్గరగా బల్ల జరిపి, కాయను దాని మీద పెట్టాను. పొయ్యి ఆరితే గది గడ్డకడుతుంది. అందుకని ఉండిపోయాను.

సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. "వంకాయకు కాపలా ఉంటావా? ఊరేమనుకుంటుంది? పాలెవరు పితుకుతారు?"

"మీరే."

"నాకు చేతకాదని తెలుసుగా!"

"ఒక్క వారం ఆగండి," అన్నాను. "ఆవులు ఎక్కడికీ పోవు కదా."

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ మాట ఎవరిదో ఆయనకు గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు.

ఇవాళ్టికి పన్నెండు రోజులు. కాయ సగానికి పైగా పసుపు తిరిగింది. దాన్ని ఇంకా కోసి చూడలేదు. ఇంటికి ఎప్పుడు వస్తానో ఇంకా చెప్పలేదు.