బొట్టు కింద తుప్పు

నేను ఒక పాత మోటార్‌సైకిల్ హెడ్‌లైట్ డూమ్‌ని. అంటే బల్బునూ అద్దాన్నీ వెనకనుంచి పొదివి పట్టుకునే గుండ్రటి ఇనుప బుర్రని. బుర్ర అన్నానని నాకేదో తెలివుందనుకోకండి. దారి చూపడం దీపం పని, ఎండకూ వానకూ ఓర్చుకోవడం నా పని. అందుకే ఫ్యాక్టరీలో నా ఒంటికి మందంగా నికెల్ పూత వేశారు.

మొదట మమ్మల్ని కొన్నది ఒక రైసుమిల్లు యజమాని. ఆయన బండి నడిపినదానికన్నా దాని పక్కన నిలబడి ఫొటోలు దిగిందే ఎక్కువ. మోజు తీరాక ఏలూరు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు చక్రధరరావుకు అమ్మేశాడు. అప్పట్నుంచి నాకు కుదురు లేదు. ఏ ఊళ్ళోనో గేదె ఈనలేక అవస్థ పడుతోందని కబురొస్తే చాలు, వానైనా బురదైనా బయల్దేరాల్సిందే.

ఆయన భార్య సుగుణమ్మకు బండంటే హడలు. ఆ భయమంతా దసరాకు నా నెత్తిన పెట్టేది. ఆయుధపూజ రోజు నన్ను కడిగి, తడి గంధం పూసి, దాని మీద కుంకుమ అద్ది, "ఈయన్ని క్షేమంగా ఇంటికి తీసుకురా తల్లీ" అని నాకు అప్పజెప్పేది. ఇనుప బుర్రను పట్టుకుని తల్లీ అంటుందేమిటా అని నాకు నవ్వొచ్చేది. ఆ బొట్టును మాత్రం ఎవర్నీ తుడవనిచ్చేది కాదు. పెట్టిన బొట్టు దానంతటదే రాలాలి తప్ప చెయ్యిపెట్టి చెరపకూడదని ఆమె పట్టుదల. చక్రధరరావు బండంతా తళతళలాడేలా తుడిచి ఆ ఒక్కచోటు వదిలేసేవాడు. ఏటా అదే చోట గంధం, అదే చోట కుంకుమ. వాటి కింద తేమ చేరి నికెల్‌ను మెల్లగా తినేసింది. ఆ సంగతి వాళ్ళిద్దరికీ తెలియదు. నాకు తెలుసు గాని చెప్పే నోరేది?

కిందటేడు సుగుణమ్మ జ్వరంతో పోయింది. ఆమె పెట్టిన ఆఖరి బొట్టు కూడా రాలిపోయింది. రూపాయి బిళ్ళంత తుప్పుమచ్చ మిగిలింది. చక్రధరరావు బండి తీసేముందు దానిమీద బొటనవేలు ఆనించి కాసేపు అలాగే నిలబడేవాడు. నాకు ఏడుపొచ్చినంత పనయ్యేది.

ఈ వానాకాలం ఆ మచ్చలోంచి నీళ్ళు దిగి, మసకచీకట్లో దారి మధ్యన దీపం ఆరిపోయింది. బండి కల్వర్టు గోడను రాసుకుంటూ వెళ్ళి ఆగింది. వెనక కూర్చున్న కూతురు ఇందుమతికి మోచెయ్యి చీరుకుపోయింది. మర్నాడే ఆమె నన్ను బండినుంచి విప్పించి, తండ్రిని బలవంతాన బెజవాడలో పూతలు వేసే బాజీ షాపుకు తీసుకొచ్చింది.

ఇందుమతి క్రోమియం వేయిద్దామంది, అద్దంలా మెరవాలట. చక్రధరరావు నల్లరంగు చాలన్నాడు. రంగు మీద ఇష్టం కాదది. రంగు కిందైనా ఆ మచ్చ దాగి ఉంటుందని ఆశ. బాజీ మచ్చను గోటితో గీరి చూశాడు.

"ఏ పూతైనా ముందు తుప్పు తియ్యాల్సిందే సార్. దీని మీదే రంగేస్తే లోపల్లోపల తింటానే ఉంటది. ఇంకో రెండు వానలకి పెద్ద చిల్లు పడిపోద్ది."

పోనీ, మచ్చ ఉన్నచోటు వదిలేసి మిగతాదానికి వేయకూడదా అని చక్రధరరావు అడిగాడు. అంచునుంచి పొర లేచిపోతుందని చెప్పి, అక్కడ అంత ఏముందని బాజీ మామూలుగానే అడిగాడు. ఆయన బొటనవేలు మళ్ళీ మచ్చ మీదికే వెళ్ళింది. అది అమ్మ బొట్టు పెట్టిన చోటని ఇందుమతికి అప్పుడు తట్టింది. ఇక క్రోమియం ఊసెత్తలేదు. ఇంటికి పోదాం నాన్నా, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచుకుందాం అంది.

ఆయన నన్ను ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయాడు. నాకు భయమేసింది. ఆ మచ్చను ఉంచితే నేను మిగలను. తీసేస్తే సుగుణమ్మ చెయ్యి పడ్డ జాడ మిగలదు. మనుషుల బెంగలు చూసి నవ్వుకునే నేను ఆ పూట నవ్వలేకపోయాను.

చివరికి ఆయన కూతురి మోచేతి కట్టు వైపు చూశాడు. "వద్దమ్మా. ఈ దీపం మళ్ళీ ఆరి నీకేదన్నా అయితే మీ అమ్మకి ఏం చెప్పను? నికెలే వేయిద్దాం, ముందున్నట్టే."

బాజీ తుప్పును అరగదీసే బఫింగ్ చక్రం ఆన్ చేసి, నన్ను అంచునుంచి రుద్దబోయాడు. చక్రధరరావు గబగబా లేచి వచ్చి, బాజీ చేతుల్లోనే నన్ను తిప్పి, మచ్చను చక్రానికి ఎదురుగా పెట్టాడు.

"ముందు ఇక్కడ తియ్యి బాబూ. ఆఖరికి ఉంచావంటే, నేను ఆపెయ్యమంటాను."