పంతొమ్మిది అడుగుల ఏడంగుళాలు

నేను ఒక కొలత టేపును. వంద అడుగుల పొడవు, పసుపు రంగు ఒళ్లు, నల్లటి అంకెలు. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు గాని, ఒంటి మీద అంకెలు పడ్డ రోజే నాకో సంగతి తెలిసిపోయింది: మనుషులకు ఒకరి మాట మీద ఒకరికి నమ్మకం ఉంటే నాలాంటిది పుట్టేదే కాదు.

మొదట నన్ను విజయనగరంలో ఒక ఓవర్సీయరు కొన్నాడు. కొలిచిందే మళ్లీ కొలిచేవాడు. రిటైరయ్యాక నన్ను బొబ్బిలిలో ఇళ్లు కట్టే సన్యాసినాయుడికి ఇచ్చేశాడు. నాయుడు తాపీ పట్టుకుని మొదలై చిన్న కాంట్రాక్టరు అయినవాడు. మాట తక్కువ.

ఆ ఊళ్లో విశాలాక్షిగారు కుట్టు శిక్షణ కేంద్రం నడిపేవారు. ముప్ఫైమంది అమ్మాయిలు మిషన్లు తొక్కే ఆ హాలు మీద మేడ వేయించాలని ఆవిడ ఉద్దేశం. అంతకుముందు ఒక మేస్త్రి మెట్లు సగంలో వదిలేసి పారిపోయాడు. అప్పటినుంచి ఆవిడ పాలవాణ్ణి కూడా అనుమానంగానే చూసేవారు.

నాయుడు కొలతలు తీసుకుని, వారం తిరక్కుండా కొటేషన్ తెచ్చిచ్చాడు. మెట్లు ఇంకోసారి కొలిచి, నన్ను ఒక మిషను మీద మరిచిపోయాడు.

"కావాలనే వదిలాడు వదినా," అన్నాడు ఆవిడ మరిది భాస్కరం. "టేపు వంకతో వస్తాడు, పని సంగతి కదుపుతాడు. చూస్తూ ఉండు."

ఆవిడ నన్ను సొరుగులో పడేశారు.

పది రోజులకు నాయుడు ఫోన్ చేశాడు. "చూస్తున్నామండి" అని పెట్టేశారావిడ. మరో వారానికి స్వయంగా వచ్చాడు. మంచినీళ్లు తాగి, కాగితంలో అర్థంకానిదేమైనా ఉందా అని అడిగి వెళ్లిపోయాడు. పని అడగలేదు. నన్నూ అడగలేదు. నేను వేరే సైటులో పోయాననుకున్నాడని వాళ్లకేం తెలుసు!

"టేపు ఊసే ఎత్తలేదంటే ఏదో పెద్ద ఎత్తే," అన్నాడు భాస్కరం.

నాకు మాత్రం భాస్కరం మీదే అనుమానం. అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు అతను నాయుడి కొటేషన్‌ను ఫొటో తీయడం సొరుగు సందులోంచి చూశాను. నాలుగో రోజున అతని స్నేహితుడి కొటేషన్ వచ్చింది. ధర బాగా తక్కువ.

నాయుడు మళ్లీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"పని నాకే ఇమ్మనీసి రాలేదమ్మా. ఎవులికిచ్చినా సరే, ఆ రెండు పాత పిల్లర్లకీ బలం సెయ్యకుండా మేడ ఎయ్యనీకండి. కింద ఆడపిల్లలు కూకుంటారు."

అతను వెళ్లగానే భాస్కరం నవ్వాడు. "బెదిరించి పని లాక్కోవాలని చూస్తున్నాడు."

అతనూ వెళ్లిపోయాక ఆవిడ నన్ను సొరుగులోంచి తీశారు. నాయుడి దొంగతనం పట్టుకోవాలనే తీశారు. పెరటి తాళం తెరిచి, నా కొక్కేన్ని వెనక గోడ మూలకు తగిలించి లాగారు. పంతొమ్మిది అడుగుల ఒక్క అంగుళం. కాగితంలో పంతొమ్మిది అడుగుల ఏడంగుళాలు.

"ఆరంగుళాలు మింగాడన్నమాట!" అనుకుంటూ రెండో కొటేషన్ తెరిచారు. అందులోనూ పంతొమ్మిది అడుగుల ఏడంగుళాలే. నాయుడు రాసిన పిల్లర్ల బలం మాట మాత్రం అందులో లేదు.

మర్నాడు మరిదిని పిలిచారు. "నీ స్నేహితుడు ఈ గోడ ఎప్పుడు కొలిచాడు?"

"నువ్వు లేనప్పుడు వచ్చాడు వదినా."

"పెరటి తాళంచెవి నా కొంగునే ఉంటుంది. పోనీ, కొలిచాడే అనుకుందాం. ఇద్దరికీ ఒకే తప్పు ఎలా వచ్చింది?"

భాస్కరం చెప్పులు వేసుకున్నాడు.

నాయుడిని పిలిపించి, ముందు నన్ను బల్ల మీద పెట్టారు. అతని ముఖం వెలిగిపోయింది. "ఇక్కడుండిపోనాదా! ఊరంతా ఎతికీసినాను." ఆరంగుళాల సంగతి అడిగితే సిగ్గుపడ్డాడు. "కళ్లకి సత్వారం వొచ్చినాది తల్లీ. ఒకటి ఏడులా అవుపడినాది."

"ఇన్నిసార్లు తిరిగారు. పని ఇమ్మని ఒక్కసారీ అడగలేదేం?"

"అడిగితే మీరు అనుమానిస్తారని. అడక్కపోయినా అనుమానించినారు."

ఆవిడ నవ్వారు. పని ఇచ్చారు. అయినా ప్రతి శనివారం తానే కొలిచి చూసుకునేవారు. పిల్లర్లకు బలం పడింది, మేడ లేచింది.

ఇప్పుడు నా అంకెలు చెరిగిపోయాయి. ఒక పాత సామాన్ల కొట్లో గోనెసంచి మీద పడి ఉన్నాను. నా పిడి ఇత్తడిదని చెప్పి అమ్మేశారు. కొట్టువాడు నమ్మలేదు, మేకుతో గీకి చూశాడు. పైపూత కింద ఇనుము బయటపడింది.

అతని అనుమానం నిజమే.