మునివెంకటమ్మ ఇంటి ఫోను

1998లో బొమ్మనహళ్ళి గార్మెంట్ ఫ్యాక్టరీలో సమ్మె జరిగిన రోజు ఆఫీసు అద్దాలు పగిలాయి. రాళ్ళు వేయించింది మునివెంకటమ్మేనని పోలీసులు కేసు పెట్టారు. అక్కడ కుట్టుపని చేస్తూ కార్మిక సంఘాన్ని నడిపే మనిషి ఆమె. వాళ్ళు చూపిన సాక్ష్యం టేపులు. పైనుంచి ఏ ఉత్తర్వూ లేకుండా ఆమె ఇంటి ఫోను మాటలన్నీ రహస్యంగా రికార్డు చేశారు. "రేపు గేటు కాడ మనమేందో చూపిద్దాం" అన్న ఆమె మాటనే పట్టుకున్నారు.

ఆమె తరఫు లాయరు కాత్యాయని గుంటూరు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడింది. మునివెంకటమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆ టేపుల నకళ్ళు విన్నది. ఒకచోట కాత్యాయని ముఖం వెలిగిపోయింది. "రాళ్ళు ముట్టద్దండప్పా, మన న్యాయం పోతాది" అని మునివెంకటమ్మ ఎవరినో బతిమాలుతోంది.

"ఇది జడ్జిగారికి వినిపిస్తే చాలు, కేసు క్లోజ్!" అంది కాత్యాయని.

టేపు తిరుగుతూనే ఉంది. ఎవరో అమ్మాయి తల్లితో చెప్పుకుని ఏడుస్తోంది. మొగుడు కొట్టాడట, కడుపు పోయిందట.

"ఆపండమ్మా!" మునివెంకటమ్మ చటుక్కున లేచింది. "అది మా పక్కింటి కెంపమ్మ. సందుకంతా మాదొక్కటే ఫోను. మనం టేపు సరే అంటే ఇవి గూడా కోర్టులో వినిపిస్తారు కదా?"

"ఆ రిస్క్ ఉంది. కానీ ఇది లేకపోతే మీరు జైలుకెళ్ళొచ్చు."

"పోతే పోతాను. నన్ను నమ్మి నా ఇంట్లో మాట్లాడినారు వాళ్ళు. నేను బయటపడేదానికి వాళ్ళ కష్టం పదిమందిలో పెట్టలేను. టేపులే వద్దని వాదించండి."

 ఇంత ధైర్యం తనకైతే ఉండేదా అనిపించింది కాత్యాయనికి.

కోర్టులో ప్రభుత్వ లాయరు పాత తీర్పులు చూపించి, ఎలా సంపాదించినా సాక్ష్యం సాక్ష్యమేనన్నాడు. కాత్యాయని లేచింది. "ఫోన్లో మాట్లాడుకోవడం మనిషి సొంత బతుకులో భాగమని సుప్రీంకోర్టే చెప్పింది. ఉత్తర్వు లేకుండా విన్నదాన్ని ఒప్పుకుంటే, రేపు ఉత్తర్వు తీసుకునేదెవరు?" తన క్లయింటును కాపాడే మాట ఆ టేపుల్లోనే ఉందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

జడ్జి టేపులను తోసిపుచ్చారు. అయినా కేసు ఏళ్ళ తరబడి సాగింది. చివరికి పోలీసుల తరఫున సాక్షిగా వచ్చిన ఫ్యాక్టరీ వాచ్‌మన్, రాళ్ళెవరు వేశారో తాను చూడలేదని ఒప్పుకోవడంతో కేసు కొట్టేశారు. అప్పటికే మునివెంకటమ్మ ఉద్యోగం పోయింది. ఇంట్లోనే జాకెట్లు కుట్టుకుంటోంది.

తీర్పు రోజున కెంపమ్మ ఒబ్బట్లు చేసి కోర్టుకు తెచ్చింది. "మా అక్క అదృష్టవంతురాలు మేడమ్" అంటూ ఒకటి కాత్యాయని చేతిలో పెట్టింది.

కాత్యాయని టేపుల సంగతి చెప్పబోయింది. మునివెంకటమ్మ కళ్ళతోనే వద్దంది. కాత్యాయని ఒబ్బట్టు తుంచి నోట్లో పెట్టుకుంది.