దోసపాదు మీది గాజుపలక

హెస్టర్ విల్మాట్ ఒళ్ళో పాత దుప్పటి ముక్క ఉంది. అందులో ఒక గాజుపలక ఉంది. పక్కవాళ్ళ మోచెయ్యి తగిలినప్పుడల్లా ఆమె దాన్ని ఇంకాస్త దగ్గరకు హత్తుకుంటోంది.

హియర్‌ఫర్డ్‌షైర్‌లో ఆష్‌కోంబ్ ఊరి హాలు అది. హెస్టర్ ఉండే నాప్ ఎండ్ ఇళ్ళ నుంచి థ్రేల్ దొర పొలం మీదుగా ఊళ్ళోకి వచ్చే కాలిబాట అందరిదా, దొరదా అన్నది తేల్చడానికి ఆ ఉదయం ఒక అధికారి వచ్చాడు. ఏప్రిల్‌లో దొర ఆ బాటకు అడ్డంగా ముళ్ళతీగ కట్టించాడు. అప్పటి నుంచి మూడు మైళ్ళు చుట్టు తిరగాలి. హెస్టర్ భర్త ఆంబ్రోస్‌కు ఊపిరి అందని జబ్బు. పది నిమిషాల్లో వచ్చే నర్సు పోయినసారి చుట్టు తిరిగి వచ్చేసరికి అతని పెదవులు నీలం రంగుకు తిరిగాయి. బాట తెరుచుకోకపోతే ఈ చలికాలం అతను గట్టెక్కడని హెస్టర్‌కు తెలుసు.

"మా నాన్నగారి హయాంలో అక్కడ కంచె తప్ప మరేమీ లేదు. కంచె దాటే మెట్టు ఉండేదన్నది వట్టి కల్పన," అన్నాడు థ్రేల్ దొర. సరిగ్గా తండ్రి పటం కింద కూర్చుని మరీ అన్నాడు. ఆ హాలు కట్టించింది ఆ తండ్రే, ముసలి కర్నల్ గారు. యుద్ధంలో ఆయనకు ఎడమచెయ్యి పోయింది. పటంలో కూడా కోటు ఖాళీ ఎడమచేతిని మడిచి పిన్ను పెట్టి ఉంది.

హెస్టర్ దగ్గర రుజువు ఉంది. ఎనాక్ పార్మీటర్ నలభై ఏళ్ళు ఈ చుట్టుపక్కల కోతలు, గొర్రెల బొచ్చు కత్తిరింపులు, ఆపిల్ రసం తీసే గానుగలు, అన్నీ గాజుపలకల మీద ఫొటోలు తీశాడు. అతను పోయాక ఆ పలకల పెట్టెలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. తోటమాలి జాబెజ్ వాటిని తెచ్చుకుని, చాకలిసోడా కలిపిన వేడినీళ్ళలో బొమ్మలు పోయేలా కడిగి, దోసపాదుల మీద గాజుపెట్టెలకు బిగించాడు. ఊరి నలభై ఏళ్ళ బతుకు అలా దోసకాయలకు పనికొచ్చింది. తప్పు జాబెజ్‌ది కాదు, ఊరంతటిదీ. కడగడం మరిచిపోయిన ఒక్క పలకను హెస్టర్ పోయినవారం ఆ పెట్టె మీదే చూసింది. కోత కోసేవాళ్ళు, వెనక కంచె, కంచెకు మెట్టు; మెట్టు ఉందంటే జనం నడిచిన బాట ఉన్నట్టే. పార్మీటర్ షెడ్డులో మిగిలిన ఫొటో కాగితం మీద పలకను పరిచి, ఎండలో పెట్టి, జాబెజే బొమ్మ దింపాడు.

ఆ బొమ్మ ఇప్పుడు దొరగారి లాయరు చేతిలో ఉంది.

"ఇది మా పొలమంటారా?" అన్నాడు లాయరు.

"అవునయ్యా."

"పొలంలో మీ మెట్టుకు ఎదురుగా నిలబడి చూస్తే చర్చి ఏ పక్కన కనిపిస్తుందమ్మా?"

"కుడిపక్క."

"ఇందులో ఎడమపక్కన ఉంది. పోనీ, మెట్టు మీద నిలబడి ఆడవాళ్ళను దాటిస్తున్న ఈ పెద్దమనిషి ఎవరు? కుడిచెయ్యి లేదు పాపం. మీ ఊళ్ళో కుడిచెయ్యి లేనివాడు ఎవరైనా ఉన్నాడా?"

ఆ మనిషి ఎవరో హెస్టర్‌కూ తెలియదు. ముఖం టోపీ నీడలో మసకగా ఉంది.

"ఇంకేదో ఊరి ఫొటో పట్టుకొచ్చారు," అన్నాడు దొర. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి కలం తీశాడు.

అతను రాసేస్తే అయిపోయినట్టే. లాయరు బల్ల మీద పడేసిన బొమ్మ మీద హెస్టర్ కళ్ళు పడ్డాయి. ముప్పై ఏళ్ళుగా కోట్లు కుట్టిన కళ్ళు అవి. ముందు వరసలో నలుగురు మగవాళ్ళు. నలుగురి కోట్లకూ గుండీలు ఎడమపక్కన, ఆడవాళ్ళ కోట్లకు ఉండేవైపు ఉన్నాయి.

ఒకడు పెళ్ళాం కోటు తొడుక్కొచ్చాడంటే నమ్మొచ్చు. నలుగురూనా?

"జాబెజ్ బాబాయ్," అంది ఆమె వెనక్కి తిరిగి. "బొమ్మ దింపేటప్పుడు పలక ఏ వైపు కాగితానికి ఆనించావు?"

జాబెజ్ లేచాడు. "నున్నటి వైపే అమ్మాయ్. బొమ్మ ఉన్న గరుకు వైపు ఎండకు పెట్టాను. పాదు మీద బిగించేదీ అట్లాగేగా."

"తిరగేసి దింపావు బాబాయ్. బొమ్మంతా అద్దంలో చూసినట్టు పడింది."

"అయితే ఇప్పుడు మళ్ళీ దింపుతారా? నాకంత సమయం లేదు," అన్నాడు అధికారి.

"అక్కర్లేదయ్యా."

ఆమె లేచి దుప్పటి విప్పింది. పాదు మీద కట్టిన పచ్చటి పాకుడు అంచున ఇంకా ఉంది, వేళ్ళు జారుతున్నాయి. గాజుపలక మీద తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా ఉంటుంది. కానీ వెనక నల్లగుడ్డ ఉంటే అసలు రూపు తేలుతుందని పాదు దగ్గరే కనిపెట్టింది, పలక వెనక తన నల్లకోటు అంచు పడినప్పుడు. ఇప్పుడు గరుకు వైపును ఆ కోటుకే ఆనించి, గుండెల మీద పలకను పట్టుకుని, కిటికీ వెలుగులోకి నడిచి కాస్త వంచింది.

కోత కోసేవాళ్ళు మసకగా తేలారు. చర్చి కుడిపక్కకు వచ్చింది. గుండీలు మగవాళ్ళ కోట్లకు ఉండే కుడిపక్కకు వచ్చాయి. మెట్టు మీద పెద్దమనిషి కుడిచెయ్యి చాపి ఒక ఆడమనిషిని దాటిస్తున్నాడు. కోటు ఎడమచేతిని మడిచి పిన్ను పెట్టి ఉంది.

ముందు అధికారి తల ఎత్తి గోడ మీది పటం చూశాడు. తర్వాత అందరూ చూశారు. హెస్టర్ మాత్రం పలక జారకుండా పట్టుకోవడంలోనే ఉంది.

"ఈయన ఎవరు, మిస్టర్ థ్రేల్?" అన్నాడు అధికారి.

దొర దగ్గరికి వచ్చి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. లాయరు ఏదో చెవిలో చెప్పబోతే చేత్తో వారించాడు.

"మా నాన్న," అన్నాడు.

"నర్సు నాలుగింటికి వస్తుంది దొరగారూ," అంది హెస్టర్ పలక దించకుండానే. "ఈలోగా తీగ తీయిస్తారా?"

దొర తల ఊపాడు. జాబెజ్ కోటు జేబులోంచి తీగ కత్తిరించే కత్తెర తీసి బల్ల మీద, ఆయన ముందు పెట్టాడు.