చలపతిరావు గారి డబ్బాల మార్పిడి

టెక్కలిలో చలపతిరావు గారిని ఎరగనివాళ్ళు ఉంటే ఉండొచ్చు గానీ, ఆయన తిండియావ ఎరగనివాళ్ళు మాత్రం లేరు. తహసీల్దారు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినన్నాళ్ళూ ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో అడిగితే నీళ్ళు నమిలేవాడు. ఏ ఊళ్ళో ఎవరింట్లో గారెలు బావుంటాయో అడిగితే మాత్రం వీధి, ఇంటి గుర్తు, నంజుకోడానికి వేసే పచ్చడితో సహా అప్పజెప్పేవాడు. అలాంటి మహానుభావుడికి రిటైరయ్యాక సుగరొచ్చింది. వచ్చిన సుగరు చాటుమాటుగా రాలేదు. డాక్టరంతటి వాడు రిపోర్టు చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడట.

సరే, సుగరు ఎవరికి రాదు? అందరికీ వస్తుంది. కానీ అందరిళ్ళలోనూ అనుపమ లాంటి కోడలు ఉండదు కదా. అనుపమ హైస్కూల్లో సైన్సు టీచరు. సైన్సు టీచరు కోడలుగా ఉన్న ఇంట్లో సుగరు తెచ్చుకోవడమంటే, దొంగ వెళ్ళి పోలీసు స్టేషన్లో అద్దెకు దిగడమే. ఆ రిపోర్టు వచ్చిన రోజు నుంచీ ఇంట్లో మూకుడు అటక ఎక్కింది. ఇన్నేళ్ళూ అడిగినప్పుడల్లా వేయించి పెట్టిన భార్య జానకమ్మ కూడా, పెళ్ళినాటి ప్రమాణాలన్నీ మర్చిపోయి, కోడలి పార్టీలో కలిసిపోయింది. గారె మొహం చూసి ఎన్ని నెలలయిందో చలపతిరావు రోజూ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేవాడు. ఆయనకి కైలాసం అక్కర్లేదు, వైకుంఠం అక్కర్లేదు. పైన కరకరలాడుతూ లోపల దూదిలా ఉండే గారె ఒక్కటి, ఒకే ఒక్కటి కావాలి.

ఏటా మే నెలలో ఆ కుటుంబమంతా ఓ ఆదివారం అక్కుపల్లి బీచికి వెళ్ళడం ఆనవాయితీ. వెనకటికైతే జానకమ్మ ముందురోజు నుంచే గారెలూ బూరెలూ వండి బుట్టలకెత్తేది. ఈ ఏడు ఆ పని అనుపమ అందుకుంది. తెల్లారకుండానే లేచి, నిమ్మకాయ పిండిన కొర్రల పులిహోర ఓ పెద్ద స్టీలు డబ్బాకి ఎత్తింది. కూరముక్కలు చుట్టిన జొన్న చపాతీలు ఇంకో డబ్బాకి సర్దింది. దోసకాయలు కోస్తే ఎండకి నీరు కారిపోతాయని కోయకుండా సంచిలో వేసి, సీసాల నిండా పల్చటి మజ్జిగ పోసి తడిగుడ్డ చుట్టింది. చూసేవాళ్ళకి ముచ్చటేసే పనితనమే. చలపతిరావుకి మాత్రం ఏడుపొచ్చింది.

"ఏటమ్మా ఇది?" అన్నాడు డబ్బాలోకి తొంగిచూసి.

"కొర్రల పులిహోర మావయ్యా."

"కొర్రలా? మా సిన్నప్పుడు పిచ్చుకలకి ఏసేవోళ్ళం."

"పిచ్చుకలకి సుగరు లేదు కదా మావయ్యా," అని మూత బిగించేసింది అనుపమ.

ఇక ఆ నోటికి ఎదురు చెప్పి లాభం లేదని చలపతిరావు వెళ్ళి కారు ముందు సీట్లో కూలబడ్డాడు. కొడుకు ఉదయశంకర్ స్టీరింగు దగ్గర, జానకమ్మా అనుపమా మనవరాలు సాహిత్యా వెనకాల. కారు ఊరు దాటుతుంటే ఆయన బుర్రలో ఓ దివ్యమైన ఆలోచన మొలిచింది.

వాళ్ళ చుట్టరికాల్లో రెండు నియమాలున్నాయి. చుట్టాలింటికి ఉట్టి చేతులతో వెళ్ళకూడదు. చుట్టాలు తెచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు. ఈ రెండూ అందరికీ తెలిసినవే. రెండూ కలిపితే ఏమవుతుందో మాత్రం ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు. పులిహోర డబ్బా ఇస్తే కొర్రలు పోతాయి, డబ్బా వెనక్కొస్తుంది, వచ్చేటప్పుడు ఉత్తినే రాదు. పూండిలో ఆయన అప్ప నారాయణమ్మ ఉంది. ఆవిడింట్లో ఆదివారం గారెలు వేయకపోతే ఆ వారం సూర్యుడు పొడవడని ప్రతీతి.

"ఒరే, పూండిలో ఆగుదాం. అప్పని సూసి సేన్నాళ్ళయింది," అన్నాడు గొంతు బరువుగా పెట్టి.

తోబుట్టువు మీద అంత ప్రేమ పొంగుకొస్తే ఎవరు కాదంటారు? ఆగారు.

నారాయణమ్మ వీధిలోకి ఎదురొచ్చేలోపే చలపతిరావు డిక్కీ తీసి, పులిహోర డబ్బా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. "ఉట్టి సేతుల్తో ఎలా వత్తాం అప్పా. ఇదిగో, మా కోడలు సేసింది."

వెనక సీట్లోంచి దిగబోతున్న అనుపమ ఒక కాలు నేల మీద, ఒక కాలు కార్లో ఉండగానే బిగుసుకుపోయింది. అత్తగారి ఆడపడుచు ముందు డబ్బా లాక్కుంటే మర్యాద మిగులుతుందా? జానకమ్మ దగ్గింది. ఆ దగ్గు అర్థం తెలిసినా చలపతిరావు తెలియనట్టే ఉన్నాడు.

నారాయణమ్మ డబ్బా లోపలికి తీసుకెళ్ళి, కొంతసేపటికి తువ్వాలు చుట్టి తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. డబ్బా అడుగు చుర్రుమంది. వేడి. అంటే అప్పుడే పొయ్యి దించినవి. చలపతిరావుకి ఒళ్ళంతా పులకరించింది.

"ఎండెక్కిపోతంది, ఎల్లండర్రా," అంది ఆవిడ. భోంచేస్తే గానీ గుమ్మం దాటనివ్వని మనిషి అంత తొందరగా సాగనంపుతోందేమిటా అని ఇంకో రోజైతే ఆలోచించేవాడే. ఆ రోజు ఆయన మనసంతా అరచేతుల్లో ఉంది.

కారు కదలగానే సాహిత్య ముందుకు వంగింది. "తాతా, మూత తియ్యి. ఏటుందో సూద్దాం."

"దారిలో తియ్యకూడదమ్మా, దిట్టి తగుల్తాది. మా నానమ్మ సెప్పేది."

ఆ నానమ్మ ఆయన పుట్టకముందే పోయిందని జానకమ్మకి తెలుసు. అయితేనేం, ఆవిడకీ ఆడపడుచు గారెలంటే ఇష్టమే.

అనుపమ మాత్రం ఊరుకోలేదు. "మావయ్యా, అందరికీ సరిపడా లెక్కసూసి సేసినాను. పాపకి ఆకలేత్తే ఏటి పెట్టమంటారు?" అని, చపాతీల డబ్బా సంచిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని చుట్టూ వేసింది. "ఇది మాత్రం ఇవ్వను."

నిజానికి చలపతిరావు అక్కడితో ఆగిపోవాల్సింది. గారెలు చేజిక్కాయి, చాలు. కానీ తిండిపోతుకి చాలు అన్న మాట ఎక్కడైనా తెలుస్తుందా? వజ్రపుకొత్తూరు దారిలో జీడితోటల మధ్య జానకమ్మ తమ్ముడు మల్లేశ్వరరావు ఇల్లుంది. జీడితోటలు, జీడిపప్పు బట్టీ ఉన్న ఆసామి. ఆ ఇంట్లో నేతిలో వేయించిన జీడిపప్పు మంచినీళ్ళంత సులువుగా దొరుకుతుంది. కోడలి చేతుల్లోంచి ఆ డబ్బా లాగడం తన వల్ల కాదని తెలుసు గనక, ఆయన నేరుగా లాగలేదు.

"జానకీ, మీ తమ్ముడిల్లు వత్తంది. పోనీలే, ఆగొద్దు. మా అప్పకంటే డబ్బా ఇచ్చినాం గానీ, మీవోళ్ళకి ఇవ్వడానికి ఏటీ నేదు కదా," అన్నాడు కిటికీలోంచి తోటలు చూస్తూ, చాలా మామూలుగా.

బాణం ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. జానకమ్మ నిటారుగా కూర్చుంది. "అదేటండీ, ఎందుకాగకూడదు? వదినకి ఇచ్చి మా తమ్ముడికి ఇవ్వకపోతే మావోళ్ళేటనుకుంటారు?" అని, కోడలి వైపు తిరిగి చెయ్యి చాపింది. "ఇలాగిచ్చీ అమ్మా."

సైన్సు సుగరుకి జవాబు చెప్పగలదు గానీ పుట్టింటి పరువుకి చెప్పగలదా? అనుపమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డబ్బా ఇచ్చేసింది.

మల్లేశ్వరరావు భార్య గౌరి ఇచ్ఛాపురంలో పెళ్ళికి వెళ్ళింది. ఆయనొక్కడే లుంగీ సవరించుకుంటూ వచ్చి, అక్కనీ బావనీ చూసి కంగారుపడి, డబ్బా పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాడు. లోపల ఏవో డబ్బాలు దొర్లిన చప్పుడైంది, ఏదో మూత కింద పడింది, ఆయన ఎవర్నో తిట్టుకున్నాడు. చివరికి డబ్బా తెచ్చి, "ఏటీ అనుకోకు బావా, గౌరి నేదు," అంటూ చేతికిచ్చాడు. చలపతిరావు కారెక్కాక డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గలగలలాడింది. జీడిపప్పు కాక ఇంకేమిటి? బీచి వచ్చేదాకా ఆయన మొహం మీద నవ్వు చెరగలేదు.

అక్కుపల్లి చేరేసరికి ఎండ నడినెత్తి మీదుంది. సరుగుడు తోపు నీడలో చాప పరిచారు. పిల్ల ఆకలితో గొణుగుతోంది, ఉదయశంకర్ కడుపు గొణుగుతోంది. అనుపమ మూతి బిగించుకుని దోసకాయ చెక్కు తీస్తోంది. చలపతిరావు చాప మధ్యలో బాసింపట్టు వేసుకుని, తువ్వాలు విప్పి, ఇంటిల్లిపాదికీ వరాలివ్వబోయే వాడిలా మూత తీశాడు.

ఉలవగుగ్గిళ్ళు.

ఉడకబెట్టి నీళ్ళు వార్చిన ఉలవలు. పోపు లేదు. ఒక గింజ తీసి నోట్లో వేసుకుంటే ఉప్పు కూడా లేదు. ఆయన గబగబా రెండో డబ్బా తెరిచాడు. అందులో అడుగున పటికబెల్లం ముక్కలు అటూ ఇటూ దొర్లుతున్నాయి. ఖాళీ డబ్బా పంపకూడదన్న నియమం మల్లేశ్వరరావుకి తెలుసు, వంటింట్లో జీడిపప్పు ఎక్కడుంటుందో తెలియదు. దొరికింది వేసి పంపాడు పాపం.

"తాతా, గారెలేవి?" అంది సాహిత్య.

ఉదయశంకర్ "నాన్నా" అన్నాడు. రెండు డబ్బాల్లోకీ మార్చి మార్చి చూశాడు. జానకమ్మ పటికబెల్లం వంక చూసి, మొగుడి వంక చూసి, సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

అవమానం ఒకపక్క, అనుమానం ఒకపక్క. అప్పింట్లో గారెల్లేని ఆదివారం ఏమిటి? ఎవరికో పెట్టబోయి తనకి పెట్టేసిందేమోనన్న చివరి ఆశతో చలపతిరావు ఫోను చేశాడు. గాలి హోరుకి వినబడక స్పీకరు పెట్టాడు.

"అప్పా, డబ్బా మారిపోనాదేటి? ఇందులో ఉలవలున్నాయి."

"మారనేదురా. నాకూ సుగరొచ్చింది. మాయింట్లో ఇప్పుడు అవే. నా కోసం ఉడకేసుకున్నవి నీకెట్టీసినాను."

"ఎప్పుడొచ్చింది?"

"నీకన్నా ముందే. సెబితే నువ్వు రావడం మానేత్తావని సెప్పనేదు. నువ్వొచ్చేది గారెలకే కదేటి."

చలపతిరావు కాదందామని నోరు తెరిచాడు. కానీ ఆవిడ అన్నది నిజం. చిన్నప్పుడు తన వాటా గారె కూడా తీసి ఈయన ఆకులో వేసిన అప్ప, ఒక్కతే కూర్చుని ఉప్పులేని ఉలవలు తింటూ, తమ్ముడు రాకుండా పోతాడని భయపడింది. ఆయనకి సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా బాధేసింది.

"అది సరే గానీ," అంది నారాయణమ్మ, గొంతులోకి హుషారు తెచ్చుకుని, "మీ కోడలి పులిహోర ఎంత బావుందిరా. ఇన్నాళ్ళకి నా నోటికి రుసి తెలిసింది. ఎవరికీ ఎట్టనేదు, డబ్బాడూ నేనే తినీసినాను. ఎలగ సేసిందో కనుక్కో."

"ఒచ్చే ఆదివారం మా కోడల్నే తీసుకుని వత్తానప్పా. ఊరికే వత్తాను. నిన్ను సూడ్డానికి," అన్నాడు చలపతిరావు. ఫోను పెట్టేశాక కళ్ళజోడు తీసి, ఇసక పడిందన్నాడు.

అనుపమ తల వంచుకుని దోసకాయ కోస్తూనే ఉంది గానీ మూతి బిగింపు సడలింది. పెళ్ళయి వచ్చాక ఆ వైపు చుట్టాల్లో ఒకరు ఆమె వంట మెచ్చుకోవడం అదే మొదలు.

మెచ్చుకోళ్ళతో కడుపు నిండదు కదా. దోసకాయలు నిమిషంలో అయిపోయాయి, మజ్జిగ ఆకలిని ఇంకా లేపింది. ఆ బీచిలో కనుచూపు మేర తినడానికి దొరికేది ఒక్కటే, మిరపకాయ బజ్జీల బండి. అనుపమ ఆ బండిని చూసింది, పిల్ల మొహం చూసింది, మళ్ళీ బండిని చూసింది. వేసవిలో నూనె సరుకు ఎందుకు తినకూడదో పిల్లలకి పాఠం చెప్పే మనిషి. చివరికి మొగుడికి తల ఊపింది.

బజ్జీలొచ్చాయి. పొగలు కక్కుతూ, ఉల్లిపాయ ముక్కలు కూరిన బజ్జీలు. ఉదయశంకర్ తిన్నాడు. జానకమ్మ సముద్రం వైపు తిరిగే ఆబగా తింది. సాహిత్య కారం పీల్చుకుంటూ, ఎగురుతూ తింది. అనుపమ మొదటిది మందు మింగినట్టు తిని, రెండోది కళ్ళు మూసుకుని తింది. చలపతిరావు ముందు మాత్రం ఆకులో వడ్డించిన ఉలవలున్నాయి. ఇంటిల్లిపాదికీ నూనె సరుకు తినే యోగం ఆయన వల్లే పట్టింది, ఆయనకి మాత్రం పట్టలేదు. ఒక్కొక్క బజ్జీ పొట్లంలోంచి లేచి నోట్లోకి వెళ్ళేదాకా ఆయన చూపు దాన్ని సాగనంపుతోంది. అడిగే మొహం లేదు.

అనుపమ కాసేపు చూసింది. ఇక చూడలేకపోయింది. పొట్లంలోంచి ఓ బజ్జీ తీసి, పైన పిండంతా గోటితో జాగ్రత్తగా ఒలిచేసి, లోపలి మిరపకాయని కాగితంతో అద్ది నూనె పీల్చి, ఆయన ఉలవల మీద పెట్టింది.

"మిరపకాయ కూరగాయే మావయ్యా. తినండి."

"మరి ఆ పిండో?"

"అది నేను తింతాను," అని నోట్లో వేసుకుంది.

చలపతిరావు ఆ మిరపకాయని తొడిమ పట్టుకుని పైకెత్తి చూశాడు. వేగిన వాసన దానికింకా అంటుకునే ఉంది. మెల్లగా, ఎక్కడా తొందరపడకుండా, తొడిమ దాకా తిన్నాడు. తిని, వేళ్ళు నాకి, కోడలి వైపు ఆకు జరిపాడు.

"ఇంకోటి ఒలువు తల్లీ," అన్నాడు.