కిటికీ వైపు కొమ్మ

కోటు తిరిగొచ్చింది.

ప్లీడరు దాన్ని ఆమె బల్ల మీద పరిచి, భుజం దగ్గర వేలు పెట్టాడు. నల్లటి గుడ్డ, నల్లటి రఫూ. చిరుగు ఎక్కడుండేదో ఆమెకే ఆనవాలు దొరకలేదు. అంత శుభ్రంగా కుదిరిన పనికి వంకేమిటని అడగబోయింది. ఆయన కోటు తీసుకుని వీధిలోకి, చెట్టు నీడ దాటి ఎండలోకి నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది.

"ఇప్పుడు చూడండమ్మా. నలుపు మీద నీలం."

"అయ్యో, అవును," అంది ఆమె. ఆ మాట చూపు కంటే ముందే వచ్చేసింది.

"నిన్న కోర్టులో అందరూ నా భుజమే చూశారు. నా వాదన ఒక్కరూ వినలేదు."

మెట్ల మీద కూర్చున్న మరిది తలెత్తాడు. "అంతకు ముందు వినేవాళ్లాండీ?"

ప్లీడరు నవ్వాడు గానీ, కోటు మాత్రం అక్కడే వదిలేసి వెళ్లాడు.

చిరిగిన బట్టను చెత్తలో పడకుండా బతికించడం ఆమె పని. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తగారి పక్కన కూర్చుని నేర్చుకుంది. మామూలుగా బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి, చిరుగు మీద ఒక్కొక్కటే అల్లుతుంది. అదే గుడ్డ, అదే రంగు కాబట్టి తేడా అన్న మాటే రాదు. కానీ ప్లీడరు పొట్ట పెరిగినప్పుడల్లా ఆ కోటును వదులు చేయించుకుంటూ వచ్చాడు. లోపల మడత మిగల్లేదు. పెట్టెలోంచి దారం ఏరాల్సి వచ్చింది.

"అంతా ఈ చెట్టు వల్లే," అంది లోపలికొస్తూ. "నా వెలుగంతా మింగేసింది."

చెట్టు మరిది నాటింది. ఒక వేసవిలో అత్తగారు బజారు నుంచి వస్తూ వడదెబ్బకి గుమ్మం ముందే కూలిపోయింది. తలదాచుకోడానికి వీధి మొత్తం మీద చారెడు నీడ లేదని అతను ఆ వానల్లోనే మొక్క తెచ్చాడు. నర్సరీవాడు ఏదో పేరు చెప్పాడట, ఇతను దారిలోనే మర్చిపోయాడు. పేరు లేకపోయినా చెట్టు ఏపుగా పెరిగింది. బడి పిల్లల తల్లులు దాని కిందే నిలబడతారు. మూటలు మోసేవాళ్లు అక్కడే దించుకుంటారు. ఇస్త్రీ బండి ఆవిడ పొద్దంతా బొగ్గుల పెట్టె పక్కన నిలబడగలుగుతోందంటే ఆ నీడ చలవే.

అది పైకెళ్లినకొద్దీ కిటికీలో ఆకాశం తగ్గుతూ వచ్చింది. మరిది తెల్ల లైటు పెట్టించాడు. ఆ వెలుగులో నలుపూ నీలమూ తోడబుట్టినవాటిలా ఉన్నాయి. కుర్చీ బయట వేసుకుంటే ఆకుల్లోంచి పడే వెలుగు ప్రతి దారానికీ కాస్త పచ్చదనం పూసేది.

"కొట్టించెయ్," అంది మరిదితో.

"మొత్తమా?"

"సగం చెట్టును ఏం చేసుకుంటావు? ఊరగాయ పెడతావా?"

అతను చెప్పు కొనతో నేల గీశాడు. "అన్నయ్య పోయాక ఈ ఇల్లు నీ సూది మీదే నిలబడింది. నువ్వు కొట్టించమంటే నేను కాదనను వదినా. కానీ ఆ ఇస్త్రీ ఆవిడకి మాత్రం నువ్వే చెప్పు."

చెప్పింది. గొడవ పడుతుందని నాలుగైదు జవాబులు ముందే కూడగట్టుకుని వెళ్లింది. ఇస్త్రీ ఆవిడ పెట్టె ఊదుతూనే, "నీ పని నీది అక్కా. నేను బండికో గొడుగు కట్టుకుంటాలే," అంది. కూడగట్టుకున్న జవాబులన్నీ అలాగే మిగిలిపోయాయి. అవి ఆ సాయంత్రమంతా ఆమె లోపల ఎవరితోనో వాదిస్తూనే ఉన్నాయి. ఎదుట మనిషి పోట్లాడితే తన వైపు న్యాయం ఉందో లేదో చూసుకునే పని తప్పేది.

చెట్లు కొట్టేవాడు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "ముందు కిటికీ వైపు కొమ్మ తీస్తానమ్మా. చాలకపోతే మిగతాది రేపు."

"ఒకేసారి అయిపోతుంది కదా?"

"మీరు చిరిగింది అతుకుతారు. నేను కొట్టింది మళ్లీ అతకడం నా వల్ల కాదు."

కొమ్మ కింద పడింది. బల్ల మీదికి వెలుగు వచ్చింది. మామూలుగా కాదు, గదిలో దుమ్ము కూడా లెక్కకొచ్చేటంత. ఆమె కళ్లజోడు తుడుచుకుని, పాత పోగులన్నీ విప్పి, పెట్టెలోంచి నల్ల దారం ఏరుకుంది. భుజం మీద ఆనించి చూసింది. కలిసిపోయింది. నమ్మకం కుదిరినట్టే ఉంది, అయినా కాళ్లు బయటికి నడిచాయి.

ఇస్త్రీ ఆవిడ తల మీద తడి తువ్వాలు వేసుకుని ఉంది. బండి సగం ఎండలో ఉంది.

"ఇదేం రంగు?" దారం చూపించి అడిగింది.

"పరీక్షా అక్కా? నీలం."

"సరిగ్గా చూడు."

"నీలమే. బడి పిల్లల నిక్కర్ల రంగు. రోజూ గుట్టలు గుట్టలుగా చేస్తున్నా, నాకు తెలీదా?"

ఆమె లోపలికొచ్చి కూర్చుంది. కుడి కన్ను మూసి, కిటికీ చువ్వను చూసింది. చువ్వ రెండుగా కనపడింది. ఎడమ కన్ను మూసింది. గోడ సున్నం పాతబడ్డ కాగితంలా పసుపు పచ్చగా ఉంది. కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదది. కొన్నాళ్లుగా దీపాల చుట్టూ మసక పట్టినప్పుడల్లా కళ్లజోడు తుడుచుకుంటూనే ఉంది. అద్దాలకు లేని మరకను అంతగా ఎందుకు తుడిచింది? తెలిసిన విషయాన్ని తెలియనట్టు ఉంచుకోడానికి మనసుకు ఏదో ఒకటి అడ్డం కావాలి. చెట్టు అనువుగా ఎదురుగానే నిలబడి ఉంది. ఏమన్నా తిరిగి అనదు.

అలాగని వెలుగు తగ్గడం అబద్ధమూ కాదు. తగ్గింది. అందుకే ఇన్నాళ్లూ ఆ నెపం అంత గట్టిగా నిలబడింది. వెలుగు ఇంత వచ్చి ఉండకపోతే ఈ సంగతి ఒప్పుకునేదీ కాదు.

మర్నాడు పొద్దున్నే చెట్లు కొట్టేవాడు మానుకు తాడు బిగిస్తున్నాడు. మరిది కింద నిలబడి, ఎటు పడాలో చెయ్యి చూపిస్తున్నాడు. ఇస్త్రీ ఆవిడ బండిని దూరంగా తోసుకుంటోంది. ఆమె గుమ్మంలో నిలబడింది. 'ఆపండి' అనడం కష్టం కాదు. ఎందుకని అడుగుతారు. వెలుగు చాలిందని చెప్పొచ్చు. కానీ ఆ అబద్ధం ప్లీడరు భుజం దాకా కూడా నిలవదు. నిజం చెబితే, చూపు ఆనని మనిషికి మంచి బట్ట ఎవరిస్తారు? ఆమె దగ్గరున్న ఆస్తల్లా ఆ పేరే.

తాడు బిగిసింది. రంపం పైకి లేచింది.

"ఆగండి," అంది. "చెట్టు కాదు. నా కన్ను."

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది, వీధి వినేటట్టు. "నాకు నలుపూ నీలమూ తెలియట్లేదు. నిన్న ఎండలో కూడా తెలియలేదు."

అటు చూపిస్తున్న మరిది చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. తర్వాత దించాడు. "రేపు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దాం," అన్నాడు. మళ్లీ తనే, "ఇన్నాళ్లూ నా మొహం సరిగ్గా కనపడకే మెచ్చుకోలేదన్నమాట," అన్నాడు.

"అది కనపడబట్టే మెచ్చుకోలేదు," అంది ఆమె.

చెట్లు కొట్టేవాడు తాడు విప్పుకుని, పడ్డ కొమ్మను ముక్కలు చేసి తీసుకుపోయాడు. అది ఉన్న చోట మాను మీద పచ్చి గుండ్రం తెల్లగా మెరుస్తోంది. ఇస్త్రీ ఆవిడ బండిని వెనక్కి తోసుకొచ్చి, మానుకు అవతలి వైపు, నీడ మిగిలిన చోట ఆపింది. మధ్యాహ్నానికి అక్కడ కూడా సగం నీడే ఉంటుంది. గొడుగు కట్టుకుంది.

మర్నాడు డాక్టరు శుక్లాలన్నాడు, ఆపరేషన్ చెయ్యాలన్నాడు. అది అయ్యేదాకా కోటు ఆగదు. ఆమె బల్ల దగ్గర కూర్చుని, వేళ్లతో పోగు మందం చూసుకుని ఒక దారం తీసింది. మందం ఇంకా వేళ్లకు తెలుస్తూనే ఉంది. చెయ్యి కిటికీలోంచి బయట పెట్టింది.

"ఇదేనా?"

గొడుగు కిందనుంచి జవాబొచ్చింది. "కాదక్కా. దాని పక్కది."