టీ తాగి లేచాక ఏ పక్క?

హలో, వినపడుతోందా అండీ? ఆ, అందరికీ నమస్కారం. బండి మీద ఉన్నవాళ్ళు ముందు పక్కకి ఆపుకోండి, హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని అప్పుడు వినండి. తొందరేం లేదు, కథ ఎక్కడికీ పారిపోదు.

ఒక నది, దాని మీద ఒక వంతెన. వంతెనకి ఇవతల ఒక దేశం, అవతల ఇంకో దేశం. ఇవతల బళ్ళు ఎడమ పక్క నడుస్తాయి, అవతల కుడి పక్క. పొద్దున లేస్తే ఇటువాళ్ళు అటు పనికి, అటువాళ్ళు ఇటు బజారుకి. అందరివీ స్కూటర్లు, మోటారు సైకిళ్ళే. కార్లున్నవాళ్ళు ఎంతమంది లెండి.

ఇవతలి ఊరి మున్సిపాలిటీలో రోడ్డు మీద గీతలు వేసే పెయింటరు ఒకాయన ఉన్నాడు. ఊరంతా గీతల బాబాయి అంటారు. ఆయన గీత గీశాడంటే తాడు కట్టి లాగినట్టే. ఇంట్లోనూ అంతే, గుమ్మం దగ్గర చెప్పులు వరసలో లేకపోతే ఆయనకి ముద్ద దిగదు. "ఈయన నిద్రలో కూడా తిన్నగానే ఉంటారు, పక్కకి దొర్లరు" అని భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది.

బాబాయికి ఒక్కతే కూతురు. కళ్ళజోళ్ళకి అద్దాలు అరగదీసే పని నేర్చుకుంది. చెయ్యి చాలా నెమ్మది, అద్దం మీద గీత పడనివ్వదు. అవతలి ఊళ్ళో పెద్ద కళ్ళజోళ్ళ దుకాణం వాళ్ళు పని చూసి, ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. అమ్మాయి ఎగిరి గంతేసింది. బాబాయి గుండెల్లో రాయి పడింది.

"బస్సులో వెళ్ళరాదూ తల్లీ?"

"ఆ బస్సు వంతెన దిగేసరికి వాళ్ళు మధ్యాహ్నం భోజనాలకి లేస్తారు నాన్నా."

"అయితే ఇక్కడే ఏదైనా చూసుకో."

"ఇక్కడ ఉన్నది ఒక్క కొట్టు. వాళ్ళే అద్దాలు అవతల అరగదీయించుకుని తెచ్చుకుంటారు. స్కూటరు మీద వెళ్తాను. నడపడం నేర్పింది నువ్వే, హెల్మెట్ కొన్నది నువ్వే. ఇంకా భయమేంటి?"

"నేను నేర్పింది ఎడమ పక్క. కుడి పక్క నేర్పలేదు కదా!"

వంటింట్లోంచి భార్య గొంతు వినపడింది. "అయితే అదీ నేర్పండి. ఊళ్ళో వాళ్ళందరికీ దారి చూపిస్తారు, ఇంట్లో పిల్లకి చూపించలేరా?"

బాబాయి భయం ఊరికే పుట్టింది కాదు. రెండు ఊళ్ళలోనూ స్కూటర్ల వాళ్ళు తరచూ పడుతున్నారు. ఇవతలి వాళ్ళు "అవతలి వాళ్ళకి బండి నడపడం రాదు" అంటారు. అవతలి వాళ్ళు అదే మాట వీళ్ళని అంటారు. అలా అనుకుంటూ ఎన్నేళ్ళుంటారని ఇవతలి ఇంజనీరు మేడం, అవతలి ఇంజనీరు సారూ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. ముందు వంతెన సంగతి చూద్దాం అనుకున్నారు. పక్క మారే చోట పెద్ద బాణాలు, బోర్డులు, దీపాలు. ఇటునుంచి బాబాయి, అటునుంచి ఇంకో పెయింటరు, కలిసి పని చెయ్యాలి.

ఆ అవతలి పెయింటరు పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. మన బజారుకి వచ్చిపోతూ మన భాషలో నాలుగు మాటలు పట్టుకున్నాడు. మిగతాదంతా చేతులే. మొదటి రోజు బాబాయి తాడు పట్టుకుని గీత సరిచూస్తుంటే ఆయన పక్కన కూర్చుని, "అన్నా, తిన్నగా, తిన్నగా, చాలు! బండి వెళ్ళాలి, చీమ కాదు!" అన్నాడు. బాబాయికి కోపం వచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒక డబ్బాలోంచే రంగు ముంచుకున్నారు. పైన గాజు పొడి చల్లారు. లైటు పడితే బాణాలు తళతళలాడిపోయేవి.

పని అయ్యాక బాబాయి కూతురితో బేరం పెట్టుకున్నాడు. "ఆదివారం నువ్వు నడుపు, నేను వెనక కూర్చుంటా. ఒక్క తప్పు జరిగిందా, ఉద్యోగం మాట ఎత్తకూడదు."

"సరే."

"ఏడవకూడదు, అలగకూడదు."

"సరే అన్నానుగా నాన్నా!"

ఆదివారం ఇద్దరూ హెల్మెట్లు బిగించుకుని బయల్దేరారు. అమ్మాయి వంతెన ఎక్కింది, బాణం చూసింది, దీపం దగ్గర ఆగింది, పక్క మారింది. వెన్న మీద కత్తి దిగినట్టు వెళ్ళిపోయింది. బాబాయి వెనక కూర్చుని తన బాణాలు చూసుకుని మురిసిపోయాడు. అవతల కొంచెం దూరం వెళ్ళాక రోడ్డు వారగా టీ కొట్టు ఉంది. అవతలి పెయింటరు అక్కడే కాచుకుని ఉన్నాడు. ముగ్గురూ టీ తాగారు, బన్ను ముంచుకుని తిన్నారు. పెయింటరు అమ్మాయి వైపు బొటనవేలు పైకెత్తి, "ఈమె పాస్. నువ్వు?" అన్నాడు బాబాయితో.

బాబాయికి ఉత్సాహం పొంగింది. "తాళాలు ఇలా ఇవ్వు తల్లీ. తిరుగు దారిలో నేను నడుపుతా. అసలు నడపడం అంటే ఎలా ఉంటుందో వెనక కూర్చుని చూడు."

రోడ్డు ఖాళీగా ఉంది. మనుషుల్లేరు, బళ్ళు లేవు. బాబాయి స్కూటరు తీసి, ఇంటి దగ్గర చేసినట్టే, టీ కొట్టు అంచు పట్టుకుని ఎడమ పక్కనే హాయిగా బయల్దేరాడు. పైగా ఉపన్యాసం. "జనం గీతలు చూడరమ్మా. అంత కష్టపడి వేస్తామా, చూడరు..."

"నాన్నా! కుడి! కుడి పక్క!"

మలుపులోంచి పాల వ్యాను ఎదురుగా వచ్చేసింది. వ్యాను వాడు బ్రేకు తొక్కాడు. బాబాయి హ్యాండిల్ విదిలించాడు, స్కూటరు ఇసకలోకి దిగి, అలిసిపోయిన గేదెలా పక్కకి వాలిపోయింది. అమ్మాయి ముందే కాళ్ళు ఆనించి దూకేసింది. బాబాయి మాత్రం ఇసకలో వెల్లకిలా పడ్డాడు. తల ఒక రాయికి టంగుమని తగిలింది. హెల్మెట్ మీద వేలెడు గీత పడింది, తలకి ఏమీ కాలేదు. మోకాలు గీరుకుంది. స్కూటరు అద్దం ఒకటి పగిలింది. వ్యాను వాడు దిగి ఏదో అన్నాడు. ఆ భాష రాకపోయినా బాబాయికి ప్రతి ముక్కా అర్థమైంది.

అవతలి పెయింటరు పరుగెత్తుకొచ్చి స్కూటరు లేపాడు. బాబాయిని లేపి ఇసక దులిపాడు. తర్వాత నవ్వలేదు సరిగదా, తన చొక్కా చెయ్యి పైకి మడిచి మోచెయ్యి చూపించాడు. పెద్ద మచ్చ.

"మీ బజారు. టీ తాగా. లేచా. బండి తీశా." కుడి చెయ్యి ఊపాడు. "మా పక్క."

బాబాయి ఆ మచ్చ వంకా, వంతెన వంకా మార్చి మార్చి చూశాడు. అమ్మాయి మెల్లిగా అంది: "వంతెన మీద అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకునే నడుపుతారు నాన్నా. ఆగి, దిగి, టీ తాగి లేచాక మనసు ఇంటికి వెళ్ళిపోతుంది. చెయ్యి కూడా ఇంటి పక్కకే పోతుంది."

తిరుగు దారిలో అమ్మాయే నడిపింది. వంతెన దాటాక అంది, "ఒక్క తప్పు జరిగితే ఉద్యోగం మానాలన్నావుగా. మరి నువ్వెప్పుడు మానుతున్నావు?"

ఇంట్లో భార్య మోకాలికి మందు రాస్తూ, "ఊరందరికీ గీతలు గీసిన మహానుభావుడు!" అని నవ్వింది. తర్వాత హెల్మెట్ చేతిలోకి తీసుకుని ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు రాసింది. నవ్వు ఆగిపోయింది. "అమ్మాయిని ఆపుతారా?" అని అడిగింది.

"ఆపను. కానీ ఆ దారి అలాగే వదిలేసి పంపలేను."

సోమవారం రెండు ఊళ్ళ వాళ్ళూ కూర్చున్న చోట బాబాయి లేచి, తను పడ్డ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. గీతలాయనే పక్క తప్పాడా అని గది గొల్లుమంది. అవతలి పెయింటరు లేచి మోచెయ్యి చూపించాడు. నవ్వు సగమైంది. ఇంజనీరు మేడం గొంతు సవరించుకుని, "నేనూ వాళ్ళ పెట్రోలు బంకులోంచి వస్తూ అలాగే వెళ్ళాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు" అంది. అవతలి ఇంజనీరు సారు నెత్తి గోక్కుంటూ, "మందుల షాపు" అన్నాడు, అంతే. ఇంక ఎవరూ నవ్వలేదు, అందరూ తలో చోటూ చెప్పడం మొదలుపెట్టారు.

అప్పుడు తేలింది విషయం. ఇవతల పడేది అవతలి వాళ్ళు, అవతల పడేది ఇవతలి వాళ్ళు. వంతెన మీద కాదు, ఆగిన చోట. సొంత ఊరివాళ్ళకి అది కనపడదు, ఎందుకంటే వాళ్ళు అక్కడ తప్పరు. అందుకని మేడమూ సారూ ఒక పద్ధతి పెట్టారు. అవతల ఎక్కడ బాణం వెయ్యాలో బాబాయి చెప్పాలి, ఇవతల ఎక్కడ వెయ్యాలో అవతలి పెయింటరు చెప్పాలి. వెయ్యడం ఇద్దరూ కలిసి.

రోడ్డు దాటి సరైన అంచుకి వంగే బాణం ఆకారంలో రేకులో కంత కోశారు. నేల మీద పెట్టి రంగు పూస్తే బాణం పడుతుంది. టీ కొట్లు, పెట్రోలు బంకులు, బజారు స్కూటరు స్టాండ్లు, బయటికొచ్చే ప్రతి గుమ్మం ముందూ వేశారు. అక్షరాలు లేవు, కాబట్టి ఏ భాషవాళ్ళకైనా ఒకటే. టీ కొట్టాయన "నా కొట్టు ముందు బొమ్మ వేశారు, బాగుంది" అని ఇద్దరికీ టీ ఊరికే పోశాడు.

ఒకటో తారీఖు వచ్చింది. పొద్దున్నే అమ్మాయి హెల్మెట్ బిగించుకుని వెళ్ళిపోయింది. బాబాయి గుమ్మంలో నిలబడి, "జాగ్రత్త తల్లీ" అన్నాడు, అంతకంటే ఏమీ అనలేదు. కానీ ఆ రోజు అవతల పని ఎక్కడెక్కడ అని అవతలి పెయింటరు అడిగితే, కళ్ళజోళ్ళ దుకాణం గుమ్మం చివరికి పెట్టాడు. ఆయనకి అర్థమై, పెదవి బిగబట్టి నవ్వుకున్నాడు.

దుకాణం మూసే వేళకి అక్కడి బాణం అప్పుడే పూర్తయింది. రంగు ఇంకా తడే. వాళ్ళిద్దరూ బకెట్లు సర్దుకుంటూ కాస్త ఎడంగా గోడ పక్కన ఉన్నారు. అమ్మాయి తోటివాళ్ళతో ఏదో చెప్పి నవ్వుతూ బయటికొచ్చి స్కూటరు తీసింది. నాన్నని చూడలేదు. కింద చూసింది, అటూ ఇటూ చూసింది, రోడ్డు దాటి, బాణం వంపు వెంటే వంగి, కుడి అంచు పట్టుకుని వంతెన వైపు వెళ్ళిపోయింది. తెల్లటి బాణం మధ్యలో మొదటి నుంచి చివరిదాకా టైరు అచ్చు పడింది.

"అయ్యో, పాడైంది!" అని అవతలి పెయింటరు కుంచె తీశాడు. "మళ్ళీ వేద్దాం."

బాబాయి ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. జీవితంలో మొదటిసారి, సరిగ్గా లేని గీత ఒకటి ఆయనకి ముద్దొచ్చింది.

"ఉండనీ తమ్ముడూ" అన్నాడు. "దాన్ని ఎలా వాడాలో రాసిపెట్టి వెళ్ళింది మా అమ్మాయి."

ఇదండీ సంగతి. మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా బండి మీద పక్క దేశం వెళ్ళొస్తుంటే, ఇది వాళ్ళకి పంపండి. కొత్త చోట ఆగి లేచిన ప్రతిసారీ తాళం తిప్పేముందు "ఏ పక్క?" అని ఒక్కసారి అనుకోమనండి. ఒక్కటే మాట: బండి నడుపుతూ పంపకండి, ఆపాకే పంపండి.